టెక్ సందేహాలు: తప్పుల్లేవు, అయినా పొంతన లేదట!

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తూ ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటోందో చెప్పే వ్యాసం) రాసుకుంది. ఒక రైటింగ్ ఆప్‌లో పెడితే గ్రామర్ తప్పులు సున్నా అని చూపించి, ‘కోహెరెన్స్’ దగ్గర మాత్రం 100కి 58 ఇచ్చింది. తప్పే లేనప్పుడు మార్కులెందుకు తగ్గాయి? అసలు అదేం చూస్తుంది? – కరీంనగర్ నుంచి ఒక తండ్రి

జవాబు: కోహెరెన్స్ అంటే పొందిక, పొంతన. దేనికది శుభ్రంగా ఉన్న వాక్యాలు కూడా ఒకదాని పక్కన ఒకటి చేరితే కలవకపోవచ్చు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టాడంటామే, అదన్నమాట. గ్రామర్ చూసే ప్రోగ్రాం ఏ వాక్యానికి ఆ వాక్యాన్నే పట్టుకుంటుంది కాబట్టి దానికి ఈ జబ్బు అంతుపట్టదు.

భాషని కంప్యూటర్‌తో పరిశోధించే జెర్రీ హాబ్స్ 1979లో రాసిన వ్యాసంలోని ఒక ఉదాహరణని ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. జాన్ పారిస్ నుంచి ఇస్తాంబుల్‌కి రైల్లో వెళ్లాడు. అతనికి పాలకూర ఇష్టం. ‘అతను’ ఎవరో తెలుస్తూనే ఉంది. కానీ ఈ రెండు ముక్కలూ ఒకచోట ఎందుకున్నాయి? చదివేవాళ్లు ఊరుకోరు. ఇస్తాంబుల్‌లో పాలకూర బాగా దొరుకుతుందేమోనని తామే ఒక కారణం అల్లుకుంటారు. పొందికలో సగం రాతలో ఉంటే, మిగతా సగం చదివేవాళ్ల బుర్రలో తయారవుతుంది. ఆ రెండో సగాన్ని లెక్కకట్టడం కష్టం కాబట్టి పరిశోధకులు చాలాకాలం మొదటి సగం మీదే పడ్డారు. రాతలో కనిపించే ఆనవాళ్లని లెక్కపెట్టించారు.

అలాంటి లెక్కల్లో నాకు బాగా నచ్చింది ఎంటిటీ గ్రిడ్. రెజీనా బార్జిలే, మిరెల్లా లపాటా అనే పరిశోధకులు 2005లో ప్రతిపాదించి, 2008లో విస్తరించారు. పేరు చూసి భయపడకండి, స్కూలు హాజరు పట్టీ లాంటిదే. ఈ నాలుగు వాక్యాలు చూడండి: రమణ కొత్త ఫోను కొన్నాడు. ఫోను రెండో రోజే వేడెక్కింది. రమణ ఫోన్ని షాపుకి తీసుకెళ్లాడు. షాపువాళ్లు బ్యాటరీ మార్చారు. వాక్యానికో అడ్డ వరుస, కథలో వచ్చే మనిషికో వస్తువుకో ఒక్కో నిలువు వరుస. ఆ వాక్యంలో రమణ కర్త అయితే ‘కర్త’, కర్మ అయితే ‘కర్మ’, ఇంకోలా వస్తే ‘ఇతర’, అసలు రాకపోతే గీత. ఇప్పుడు ఫోను నిలువు వరుసని పైనుంచి కిందికి చదవండి: కర్మ, కర్త, కర్మ, గీత. షాపుది గీత, గీత, ఇతర, కర్త.

ఒక వాక్యం నుంచి తర్వాతి వాక్యానికి ఇలాంటి మార్పులు మొత్తం 16 రకాలు వస్తాయి. పాఠంలో ఏ రకం ఎంత శాతం ఉందో ప్రోగ్రాం లెక్కగడుతుంది. పొందికున్న రాతలో ముఖ్యమైన మనుషులూ వస్తువులూ వెంటవెంటనే కనిపిస్తూ, కర్త స్థానంలోకి వస్తూ పోతుంటాయి. లేని రాతలో ఒకసారి తొంగిచూసి మాయమవుతాయి.

మరి ఏది బాగున్న రాతో యంత్రానికి ఎవరు చెప్పాలి? ఇక్కడ చేసిన పని చూస్తే నవ్వొస్తుంది. భూకంపాల వార్తలూ విమాన ప్రమాదాల నివేదికలూ తీసుకుని, ఒక్కోదానిలో వాక్యాల్ని పేకముక్కల్లా 20 రకాల దాకా కలిపేశారు. అసలు వరుస ఏది, కలిపేసిన వరుస ఏది అని యంత్రాన్ని అడిగారు. మనుషులు కూర్చుని మార్కులు వేసే అవసరమే లేకుండా వేలకొద్దీ జతలు తయారయ్యాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఈ రంగంలో కొత్త పద్ధతి ఎవరు తెచ్చినా ముందు ఈ కలిపేసిన పేకతోనే పరీక్ష పెట్టారు.

ఇప్పుడు ఎస్‌ఓపీ సంగతికి వద్దాం. పిల్లలు మామూలుగా చేసేదేమిటంటే, ఒక వాక్యంలో రోబోటిక్స్ ప్రాజెక్టు, తర్వాతి వాక్యంలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, ఆ వెంటనే చిన్నప్పుడు విప్పి చూసిన రేడియో. అన్నీ మంచివే, కానీ పట్టిక వేస్తే నిలువు వరుసల నిండా గీతలే. రోబో నేర్పిన ఒక్క విషయాన్ని క్యాంపులోకీ, అక్కణ్నుంచి పై చదువులోకీ మోసుకెళ్తే అంకె దానంతటదే పెరుగుతుంది.

పెంచడానికి అడ్డదారి కూడా ఉంది, పడకండి. పక్కపక్క వాక్యాల్లోని పదాల అర్థం ఎంత దగ్గరగా ఉందో కొలిచే పద్ధతి 1998 నుంచీ ఉంది. దానికి ఒకే వాక్యాన్ని పదిసార్లు రాసిచ్చినా సంబరంగా పూర్తి మార్కులు వేస్తుంది. గూగుల్ 2018లో తెచ్చిన బెర్ట్ అనే భాషా మోడల్ కూడా ఇంచుమించు ఇలాంటి గుంటలోనే పడింది. ‘ఈ వాక్యం తర్వాత ఆ వాక్యం వస్తుందా’ అని శిక్షణ ఇచ్చారు గానీ, తప్పు జవాబుల్ని వేరే పాఠాల నుంచి తెచ్చారు. విషయం మారిందని పసిగడితే చాలు, వరుస పట్టించుకోనక్కర్లేదు. మరుసటి ఏడాది ఆల్బర్ట్ అనే మోడల్‌లో అదే పాఠంలోని రెండు పక్క వాక్యాల్ని తారుమారు చేసి అడిగారు. అప్పుడుగానీ పరీక్ష పరీక్షలా లేదు.

మీ అమ్మాయికి ఆప్ కన్నా పనికొచ్చే కిటుకు మరో సిద్ధాంతంలో ఉంది. విలియం మన్, శాండ్రా థాంప్సన్ 1988లో ప్రచురించిన రెటారికల్ స్ట్రక్చర్ థియరీ ప్రకారం ప్రతి జత ముక్కల్లో సాధారణంగా ఒకటి కేంద్రం, రెండోది దాన్ని మోసే ఉపగ్రహం: కారణం, ఉదాహరణ, ఒప్పుకోలు, ఇలా. ఉపగ్రహాల్ని తీసేసినా పాఠం కుంటుతూనైనా నడుస్తుంది. కేంద్రాల్ని తీస్తే కుప్పకూలుతుంది. ఎస్‌ఓపీని ప్రింటు తీసి ప్రతి పేరాలో కేంద్రం అనుకున్న వాక్యం కింద గీత గీయమనండి. ఆ గీతల్ని మాత్రమే వరుసగా పైకి చదివితే మీకు కథ అందాలి. అందకపోతే 58 న్యాయమే. (ఒకసారి చోటు చాలక డెస్కులో నా కాలమ్ మధ్య పేరా ఎత్తేశారు. ‘ఇందాక చెప్పిన సెట్టింగ్ ఆఫ్ చేయండి’ అని మాత్రం మిగిలింది. ఏ సెట్టింగ్ అని వారం రోజులు ఫోన్లే ఫోన్లు.)

ప్రశ్న: తెలుగు టీచర్ని. పిల్లల వ్యాసాలకి ఇలాంటి టూల్‌తో మార్కులు వేయించవచ్చా? – శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దు టీచర్ గారూ. ఇంగ్లిష్‌లోనే వీటిని బోల్తా కొట్టించారు. ఎంఐటీలో రైటింగ్ విభాగం నడిపిన లెస్ పెరెల్‌మన్ 2014లో విద్యార్థులతో కలిసి ‘బేబెల్’ అనే ప్రోగ్రాం చేశాడు. రెండు మూడు పదాలిస్తే అర్థంపర్థం లేని గంభీరమైన వ్యాసం రాసిస్తుంది. మార్కులేసే యంత్రాలు వాటికి మంచి స్కోర్లే ఇచ్చాయి.

తెలుగుకి వచ్చేసరికి ఇంకో చిక్కు. ‘సీత వచ్చింది. తలుపు తీసింది. కూర్చుంది’ అని మీ విద్యార్థి రాస్తే అది చక్కటి తెలుగు. పట్టికలో మాత్రం రెండో వాక్యం నుంచి సీత వరుసలో గీతలే, ఎందుకంటే మనం కర్తని క్రియ తోకలో దాచేస్తాం. ఆ తోక కూడా పూర్తిగా చెప్పదు: సీతా వచ్చింది, బస్సూ వచ్చింది, వానా వచ్చింది. ‘సీత వచ్చింది, సీత తీసింది, సీత కూర్చుంది’ అని రాసిన పిల్లాడికి టూల్ మార్కులు కలుపుతుంది, మీరు ఎర్రసిరా కలుపుతారు.

అసలు సంబంధాలు మనకి విడి మాటల్లో ఉండవు. ఇంగ్లిష్‌లో కారణానికీ వైరుధ్యానికీ విడిగా ఓ పదం కనిపిస్తుంది, ప్రోగ్రాం దాన్ని పట్టుకుంటుంది. మనం ‘వాన పడినా వెళ్లాడు, పడితే వెళ్లడు, పడేసరికి వచ్చేశాడు’ అంటాం. మూడు సంబంధాలూ క్రియకి అతుక్కునే ఉన్నాయి. ‘వాన కురిసి చెరువు నిండింది’లో కారణం అని చెప్పే మాటే లేదు, అయినా పల్లెటూరి పిల్లవాడికి ఏది దేనివల్లో తెలుసు. ఖాళీల దగ్గర పదాలు విడగొట్టి చూసే టూల్‌కి ఇదంతా కనిపించదు.

ఇలాంటివి నేర్పాలంటే ముందు మనుషులు కూర్చుని వేల వాక్యాల మధ్య సంబంధాలకి పేర్లు రాయాలి. ఇంగ్లిష్‌కి పెన్ డిస్కోర్స్ ట్రీబ్యాంక్ అలా తయారైందే. ఆ పని వెనక పుణెలో పుట్టిన భాషా పరిశోధకుడు అరవింద్ జోషి ఉన్నారు. హిందీకి అదే తరహా పనిని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు ఆయనతో కలిసి మొదలుపెట్టి 2009లో వ్యాసం ప్రచురించారు. అదే ఊళ్లో తెలుగుకి కూడా ఆ స్థాయి శ్రద్ధ పడాలని నా కోరిక. అప్పటిదాకా మీ ఎర్రసిరాయే నయం.

ప్రశ్న: చాట్‌బాట్ ఇచ్చే జవాబులు ఎంతో పొందికగా ఉంటున్నాయి. అంత చక్కగా అల్లిందంటే నిజమేనని నమ్మొచ్చా? – డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: నమ్మకండి. వాక్యానికీ వాక్యానికీ పొత్తు కుదరడం వేరు, వాక్యానికీ లోకానికీ కుదరడం వేరు. పైన చెప్పిన ఏ కొలతా పాఠం దాటి బయటికి చూడదు. భూకంపం వార్త సరైన వరుసలో ఉందో లేదో పట్టిక చెప్పగలదు, భూమి కంపించిందో లేదో చెప్పలేదు. ఇందాక రమణ ఫోను కథ చదివారుగా, ఎక్కడైనా పొంతన తప్పిందా? రమణా లేడు, ఫోనూ లేదు. పట్టిక కోసం నేను అల్లింది.