శనక్కాయ చేను, అడవిపంది, పాయింట్ 30-06

ప్రశ్న: అయ్యా, మాది బద్వేలు దగ్గర పల్లె. లంకమల అడవి అంచున 6 ఎకరాల శనక్కాయ చేను ఉంది. పందులు రాత్రికి రాత్రే సాళ్లు పెళ్లగించి పోతున్నాయి. టెక్సాస్‌లో ఉన్న మా బావ అక్కడ పందుల్ని, జింకల్ని వేటాడతాడు. పాయింట్ 30-06 రైఫిల్ ఒక్కటి కొంటే పెద్ద జంతువుకూ, గురి పోటీలకూ సరిపోతుందంటాడు. పాయింట్ 315 మేలని ఇంకొకరు. ఏది తీసుకోమంటారు? చనిపోయిన మా తాత 12 బోరు తుపాకీ అటక మీద ఉంది. అంతవరకు దాంతో కానిచ్చేయొచ్చా?

జవాబు: ముందు అటక మీది తుపాకీ సంగతి చూద్దాం. మీకు తెలియకుండానే పీకల దాకా వచ్చిన టెన్షన్ అదే. లైసెన్సు తాతగారిది, ఆయనతోనే పోయింది. ఇప్పుడు అది మీ ఇంట్లో లైసెన్సు లేని ఆయుధం. ఆయుధాల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తర్వాత దీనికి కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు. తుపాకీ నంబరు రాసుకుని, తాతగారి పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం పట్టుకుని, వీలైతే ఒక లాయరుతో కలిసి వెళ్లి స్టేషన్‌లో డిపాజిట్ చేయండి. రసీదు లేకుండా మాత్రం బయటికి రాకండి. తర్వాత వారసుడిగా లైసెన్సు అడగడానికి 2016 ఆయుధాల నియమాల్లో దారి ఉంది. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి.

ఇక మీ బావ మాట. టెక్సాస్‌లో పంది వేటకు ఆ భూమి యజమాని ఒప్పుకుంటే చాలు. అక్కడ 30-06 మంచి సలహానే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. 2022 సవరణతో ఆ చట్టంలోని షెడ్యూళ్లు, అంటే జాతుల జాబితాలు, 6 నుంచి 4కు తగ్గాయి, అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. చేను మీదే అయినా అందులో దిగిన పంది మీది కాదు. కొడితే 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అభయారణ్యం లోపలైతే 3 నుంచి 7 ఏళ్లు. తుపాకీకి బదులు కరెంటు తీగ పెట్టినా, ఉచ్చు వేసినా చట్టం దృష్టిలో అదీ వేటే. పైగా తీగకు పందికంటే ముందు పక్కచేను కాపలాదారు తగిలిన సందర్భాలు పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు.

ఏ బోరు, అంటే ఏ కొలత గొట్టం, అన్న ప్రశ్నకు ఆయుధాల చట్టం 13వ సెక్షనే సగం జవాబు చెబుతుంది. నిజమైన పంట కాపలాకు అది పేరుపెట్టి చెప్పింది మందు కూరే గొట్టం తుపాకీని. అది చాలదని అధికారికి తోస్తే నున్నటి గొట్టం తుపాకీ, అంటే మీ తాతగారి 12 బోరు లాంటిది, ఇవ్వొచ్చు. గురి సాధనకు గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడికి పాయింట్ 22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్. పాయింట్ 315, 30-06 నిషేధిత బోర్లు కావు, కొనొచ్చు. సైన్యం వాడిన పాయింట్ 303 లాంటివి నిషేధితాలు, వాటి జోలికి పోకండి. అయితే పెద్ద రైఫిల్ అడిగితే కలెక్టర్ మొదట అడిగేది ‘ఎందుకు?’ అని. ‘పందుల్ని కొట్టడానికి’ అని రాస్తే అర్జీ అక్కడే ఆగుతుంది. మన జిల్లాల్లో తుపాకీ అనే మాటకున్న పాత జ్ఞాపకాల వల్ల పోలీసు విచారణ కూడా ఒక పట్టాన తేలదు.

నన్నడిగితే గురి నేర్చుకోవడానికి 30-06 దండగ. భుజానికి గుద్దులు, జేబుకు చిల్లు. లైసెన్సులో రాసినన్ని తూటాలే కొనగలరు, సాధనకు ఏం మిగులుతాయి? పాయింట్ 22 తూటాయే కిలోమీటరు దాటి పోతుంది, 30-06 ఇంకెంత పోతుందో మీ చేను అవతల గొర్రెలు మేపేవాళ్లను తలచుకోండి.

మీ ఊరికి ఇంకో చిక్కు ఉంది. లంకమల కలివికోడి అనే అరుదైన పక్షి ఉన్న అభయారణ్యం. దాని హద్దుకు 10 కిలోమీటర్ల లోపు కొత్త తుపాకీ లైసెన్సుకు రాష్ట్ర వన్యప్రాణి విభాగం పెద్ద అధికారి, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, ముందస్తు సమ్మతి కావాలి. అర్జీలో మీ ఇంటి దూరం దాచకండి, విచారణలో ఎలాగూ బయటపడుతుంది.

పందుల కోసం చేయాల్సిన పని వేరు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ ప్రకారం పంటకు ప్రమాదంగా మారిన జంతువుల్ని, నిర్ణయించిన చోట, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా కారణాలు రాసి, ఫలానా వ్యక్తి కొట్టొచ్చని అనుమతించవచ్చు. మీరు అటవీ శాఖ డీఎఫ్‌ఓ గారికి అర్జీ పెట్టండి. సర్వే నంబరు, పెళ్లగించిన సాళ్ల ఫోటోలు, పంది అడుగుజాడలు, వ్యవసాయ శాఖ వాళ్ల నష్టం అంచనా జతచేయండి. అదే కాగితాలతో పంట నష్ట పరిహారానికీ వేరేగా దరఖాస్తు పెట్టుకోండి. అనుమతితో కొట్టినా చచ్చిన పంది ప్రభుత్వానిది. కూర వండుకుంటే మళ్లీ కేసులో ఇరుక్కుంటారు.

గురి పోటీల మీద మీకు నిజంగా మనసుంటే క్లబ్‌లో చేరండి. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, శక్తి 20 జౌల్స్ దాటనిది, లైసెన్సు లేకుండా కొనొచ్చు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలు దాంతోనే. అయితే దాంతో చేలో కుందేలును కొట్టినా వేట కేసే పడుతుంది.