థార్‌కు పెద్ద టర్బో వేయించడానికి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. రాజమహేంద్రవరంలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 68,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 45,000. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో 2016 మోడల్ థార్ సీఆర్‌డీఈ డీజిల్ కొన్నాను. దాని ఈఎంఐ 9,800, ఇంకా రెండేళ్లు కట్టాలి. ఈమధ్య మారేడుమిల్లి ఘాట్‌లో బండి లాగడం లేదు, నల్ల పొగ కూడా వస్తోంది. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు పెద్ద టర్బో, ఇంటర్‌కూలర్, క్లచ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ అన్నీ కలిపి 2,40,000 అవుతుందన్నారు. పదివేలు అడ్వాన్సు ఇచ్చాను. బ్యాంకు యాప్‌లో 14 శాతం వడ్డీకి ప్రీ అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. పొదుపు 60,000 ఉంది, టర్మ్ పాలసీ లేదు. మూడేళ్ల పాప ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. సరదా తప్పని కాదు. ఆదివారం పూట అడవి దారి పట్టే సరదా ఉన్నవాళ్లను నేను ఆపను. కానీ మీ ప్రశ్నలోనే ఒక సంగతి దాగి ఉంది. బండి "ఈమధ్య" లాగడం లేదన్నారు. అంటే మొదట్లో లాగింది. ఆ ఇంజిన్ 2.5 లీటర్లది, 105 హార్స్‌పవర్. ఘాట్ ఎక్కడానికి అది చాలు. కాబట్టి ఇది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) చిన్నదవడం వల్ల వచ్చిన సమస్యలా లేదు, ఎక్కడో గాలి లీకవుతున్నట్టుంది. టర్బో నొక్కి పంపే గాలి ఇంజిన్ చేరేలోపు బయటికి పోతే డీజిల్ పూర్తిగా మండదు, నల్ల పొగ వస్తుంది. బానెట్ ఎత్తి, టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు హోసు కింది వైపు వేలితో తడిమి చూడండి. క్లాంపు పక్కన నూనె జిడ్డు, దానికి అంటుకున్న మట్టి కనిపిస్తే అనుమానం అక్కడే. ఎయిర్ ఫిల్టర్, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) కూడా చూపించండి. చివరికి టర్బోనే పోయిందని తేలినా, కోర్ (లోపల తిరిగే భాగం) మార్చి రీకండిషన్ చేయించడం వేలల్లో తేలిపోయే పని. లక్షల దాకా వెళ్లదు.

ఇక లోన్ సంగతి. 2,40,000కు 14 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ సుమారు 8,200 పడుతుంది. మొత్తం కట్టేది 2,95,000 పైనే, అంటే వడ్డీకే 55,000. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే, జీఎస్టీతో కలిపి మరో 5,600 ముందే కోసుకుంటారు. ఇప్పుడు మీ దగ్గర నెలకు మిగిలేది 13,200. అందులో ఈ ఈఎంఐ పోతే 5,000. పాపకు జ్వరం వచ్చి రెండు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వస్తే మళ్లీ క్రెడిట్ కార్డే దిక్కు. ప్రీ అప్రూవ్డ్ అనే మాట చూసి బ్యాంకు మన స్తోమత లెక్కగట్టి ఇస్తోందని చాలామంది అనుకుంటారు. మీరు తిరిగి కడతారా లేదా అన్నదే వాళ్లు చూసేది. కట్టాక ఇంట్లో ఏం మిగులుతుందో వాళ్లకు పట్టదు.

వడ్డీ కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇన్సూరెన్స్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, లేదా రెండూ పడవచ్చు. జరిమానా ఎలాగోలా కట్టేస్తారనుకుందాం. ఘాట్‌లో బండి పల్టీ కొడితే వచ్చేది బీమా కంపెనీ సర్వేయర్. బానెట్ కింద కంపెనీది కాని టర్బో, రీమ్యాప్ చేసిన ఈసీయూ కనిపిస్తే, ఈ మార్పు మాకెందుకు చెప్పలేదని అడుగుతాడు. ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌కు, అంటే మన బండి నష్టానికి అడిగే డబ్బుకు, కొర్రీలు పడేది అక్కడే. క్లెయిమ్ రాకపోయినా పాత కార్ లోన్ ఈఎంఐ మాత్రం ఆగదు. బండి లేకుండా రెండు లోన్లు కట్టాల్సి వస్తుంది.

యాక్సిడెంట్ కాకుండా టర్బోనే పగిలితే? దాని వీల్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ముక్కలు ఇంజిన్‌లోకి వెళ్తే ఇంజిన్ పని పెట్టుకోవాలి. ఆయిల్ సీల్ పోతే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి, తాళం తీసినా ఆగకుండా రెచ్చిపోవచ్చు. మామూలు మోటారు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు కవర్ ఉండదు. అసలు పాలసీ ఉన్నదే దానికి అనుకునేవాళ్లు చాలామంది. రేసులు, స్పీడ్ టెస్టులకు కూడా కవర్ ఉండదు. ఆఫ్‌రోడ్ ఈవెంట్లకు వెళ్లే అలవాటుంటే ఆ నిబంధన ఒకసారి చదువుకోండి.

అమ్మేటప్పుడు ఈ ఖర్చు తిరిగి రాదు. ఎవరో గెలికిన ఇంజిన్ అని కొనేవాడు ఇంకా తగ్గించి అడుగుతాడు.

మరి ఏం చేయాలి? ముందు టర్మ్ పాలసీ, అంటే మనం పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా. మీ వయసుకు, పొగ తాగే అలవాటు లేకపోతే, కోటి రూపాయల కవర్ ఏడాదికి పదిహేను వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాపై జీఎస్టీ కూడా లేదు. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయితే, పాప ఉండగా ఇది లేకుండా ఒక్క నెల కూడా గడపకండి. తర్వాత ఎమర్జెన్సీ ఫండ్. ఆరు నెలల ఖర్చు అంటే 2,70,000. మీ దగ్గర 60,000 ఉన్నాయి. ఆ షాపు కోసం కట్టడానికి సిద్ధపడ్డ 8,200నే నెలనెలా ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో వేస్తే, రెండేళ్లు దాటగానే ఆ లోటు తీరుతుంది. ఆపాటికి కార్ లోన్ కూడా అయిపోయి 9,800 చేతిలో మిగులుతుంది. అప్పటికీ ఘాట్ మీద మోజు తగ్గకపోతే మంచి టైర్లు, సస్పెన్షన్ పని చూసుకోండి. అవీ ఆర్‌టీఓ నిబంధనలకు లోబడే చేయించుకోండి.

ఈ ఆదివారం లోకల్ మెకానిక్‌తో హోసు చెక్ చేయించండి. షాపుకు ఫోన్ చేసి అడ్వాన్సు వెనక్కి అడగండి. సగమే ఇస్తామన్నా తీసుకోండి, అసలు ఇవ్వకపోయినా ఆ పదివేల కోసం మిగతా 2,30,000 పెట్టకండి.