కొత్త జాతి అనాలంటే ముందు మగపురుగు దొరకాలి

దేవరకొండ దగ్గర మీ పత్తిచేను గట్టు గడ్డిలో దొరికిన పురుగు, ఆకుల రసం పీల్చే పచ్చదోమలాగే ఉంది, కానీ వీపు మీద నల్లచార ఉంది, కొత్త జాతేనా అని అడిగారు కదా అన్నా. ఫోటో చాలా బాగుంది. వెనక కాళ్ల మీద ముళ్ల వరుసలు కనిపిస్తున్నాయి, కాబట్టి పచ్చదోమ కుటుంబమే. పత్తి పచ్చదోమకు ఒక్కో రెక్క చివర ఒక నల్లచుక్క ఉంటుంది, మీదానికి లేదు.

అయితే రంగు, చార చూసి జాతి తేల్చలేం. ఒకే జాతిలో ఆడదీ మగదీ వేరే రంగులో ఉండొచ్చు. అసలు గుర్తు మగపురుగు పొట్ట చివర, లోపల ఉంటుంది. ఆ భాగాన్ని విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేస్తే మెత్తటి కండ కరిగిపోతుంది. మిగిలినదాన్ని గ్లిజరిన్‌లో పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తారు. జననాంగం వంపు, దాని మీది కొమ్ములు జాతికో తీరుగా ఉంటాయి. నేను మొదటిసారి చూసినప్పుడు, మిల్లీమీటరు కూడా లేనిదాంట్లో ఇంత పనితనమా అని చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను.

అందుకే ఒక్కటి చాలదు. రాత్రిపూట బల్బు ముందు తెల్లగుడ్డ కట్టండి. వాలినవాటిని 70 శాతం ఆల్కహాల్ సీసాలో వేయండి. రెక్కలు రాని పిల్లపురుగులు వద్దు. ఊరు, తేదీ, ఏ మొక్క మీద, ఎవరు పట్టారు, అన్నీ చీటీ మీద పెన్సిల్‌తోనే రాసి సీసాలోపలే పెట్టండి. పెన్ను రాత ఆల్కహాల్‌కు చెరిగిపోతుంది. అమ్రాబాద్ అడవిలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా పట్టొద్దు.

తర్వాత రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్రం వాళ్లకు చూపించండి. నిజంగా కొత్తదైతే, వర్ణన అచ్చయ్యేటప్పుడు మీ పురుగుల్లో ఒకదాన్ని ఆ జాతికి మూల నమూనాగా ఎంచి మ్యూజియంలో భద్రపరుస్తారు. మగది దొరకగానే ఇక్కడ చెప్పండి.