బొమ్మల పటాలం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం రంగుల గురించి, మిగతా సగం పాచికల మీద కోపం. రెండూ కలిపే వేస్తున్నాను. రంగులు వేసేవాళ్లు ఆడరు, ఆడేవాళ్లు రంగులు వేయరు అన్నట్టు చాలామంది రాస్తున్నారు గానీ, బొమ్మ సైనికులకు రంగులు వేసి, వాటితో బల్ల మీద యుద్ధాలాడే ఈ హాబీలో ఒకటి లేకుండా రెండోది రుచించదు.

ప్రశ్న: రోమన్ సైన్యం పెద్ద పెట్టె కొన్నాను, 28 మిల్లీమీటర్ల బొమ్మలు. నెలలు గడుస్తున్నా నాలుగైదు బొమ్మలు దాటలేదు. ఎప్పటికి పూర్తవుతుంది?

ఈ లెక్కన అయితే పూర్తవదు. మీరు ఒక్కో బొమ్మను తీసుకుని కనుగుడ్ల దాకా వేసి పక్కన పెట్టి, ఇంకోటి తీస్తున్నారని మీరు పంపిన ఫొటో చూస్తేనే తెలుస్తోంది, ఆ నాలుగూ చాలా బాగున్నాయి, మిగతావన్నీ బూడిద రంగు ప్లాస్టిక్ లాగే ఉన్నాయి. ఎనిమిదో పదో బొమ్మలను వరసగా పాత సీసా మూతల మీద అతికించి పెట్టుకోండి. అందరి చొక్కాలూ ఒకేసారి, తర్వాత అందరి చర్మం, తర్వాత తోలు పట్టీలు, తర్వాత ఇనుము. పదో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మొదటిది ఆరిపోయి ఉంటుంది కాబట్టి ఎదురుచూపులు ఉండవు. విసుగే, కాదనను. కానీ ఒక సాయంత్రం కూర్చుంటే ఒక వరస తేలిపోతుంది.

ఇంకో మాట. పెట్టెలో ఉన్నవన్నీ వేశాకే ఆట అనుకోవద్దు. పురాతన యుద్ధాలకు డీబీఏ అని చిన్న రూల్స్ ఉన్నాయి, 1990లో వచ్చాయి, పూర్తి పేరు డె బెల్లిస్ ఆంటిక్విటాటిస్. అందులో ఒక్కో వైపు 12 బేస్‌లే, అంటే బొమ్మలను అతికించే చిన్న పలకలు. కాల్బలం అయితే ఎక్కువగా బేస్‌కు మూడు నాలుగు బొమ్మలు, గుర్రాలు అయితే రెండు మూడు, ఏనుగు అయితే ఒక్కటే. అన్నీ కలిపి ఒక సైన్యానికి నలభైకి అటూ ఇటూగా బొమ్మలు చాలు, ఆట గంటలో అయిపోతుంది. ముందు ఆ 12 బేస్‌లు పూర్తి చేసి బల్ల మీద పెట్టండి. మిగతా పెట్టె ఎక్కడికీ పోదు. సేనానిని మాత్రం చివర్లో వేయండి, అప్పటికి మీ చెయ్యి కుదురుకుంటుంది, అందరూ చూసేదీ అతణ్నే.

ప్రశ్న: ముఖాలు ముద్దగా వస్తున్నాయి. ముక్కు, కళ్లు అన్నీ పూడిపోతున్నాయి. బ్రష్ మార్చాలా?

బ్రష్ కంటే ముందు రంగు సంగతి చూడండి. డబ్బాలోంచి తీసిన అక్రిలిక్ రంగును అలాగే పూస్తున్నారు కదూ? కాస్త నీళ్లు కలిపి, పాల చిక్కదనానికి తెచ్చి, పలచగా రెండు పూతలు వేయండి. మొదటి పూత చూడగానే నీరసం వస్తుంది, కింది ప్రైమర్ (రంగు అంటుకోవడానికి ముందు వేసే పూత) మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, అప్పుడే చేతులు దురదపెట్టి మందంగా పూసేస్తారు. ఆగండి. ఆరాక రెండో పూతకు సమంగా వస్తుంది. ప్రైమర్ స్ప్రే కూడా ఓ 25 సెంటీమీటర్ల దూరం నుంచి, చిన్న చిన్న విడతల్లో కొట్టండి. మరీ దగ్గరగా కొడితే అక్కడే సగం ముక్కు పోతుంది, మరీ దూరం నుంచి కొడితే గాల్లోనే ఆరిపోయి ఇసక రాలినట్టు గరుకుగా పడుతుంది.

ఇక ముఖం. ముందు మొత్తానికి మామూలు చర్మం రంగు. ఆరాక ఎర్రమట్టి రంగు వాష్, అంటే బాగా పలచటి రంగునీళ్లు, ఒక్క చుక్క. అది తనంతట తానే కనుగుంటల్లోకి, ముక్కు పక్కలకు, పెదాల మధ్యకు దిగుతుంది. గడ్డం కింద గానీ బుగ్గ మీద గానీ మడుగు కడితే అలా వదిలేయకండి, తడి లేని బ్రష్ మొన ఆనిస్తే పీల్చేస్తుంది. ఆరాక మళ్లీ మొదటి రంగే కాస్త లేతగా చేసి ముక్కు దూలం మీద, రెండు బుగ్గల ఎముకల మీద, గడ్డం కొస మీద ఒక్కో చుక్క. అంతే, ముఖం అయిపోయింది. కళ్లు వేయకండి. 28 మిల్లీమీటర్ల బొమ్మకు తెల్లగుడ్డు, నల్లగుడ్డు వేస్తే పదిమందిలో తొమ్మిదిమంది భయపడ్డట్టు గుడ్లప్పగించి చూస్తుంటారు. బల్ల మీద చేతి దూరం నుంచి చూసినప్పుడు వాష్ దిగిన ఆ నీడే కన్నులా కనిపిస్తుంది. 15 మిల్లీమీటర్లయితే ఆ ప్రశ్నే లేదు.

బ్రష్ అంటారా, మరీ సన్నటిది వద్దు. సన్నటి బ్రష్‌లో రంగు నిలవదు, బొమ్మ దాకా వచ్చేలోపే మొన ఆరిపోతుంది. మంచి మొన ఉన్న ఒకటో నంబరు బ్రష్‌తో బొత్తాలు కూడా వేయొచ్చు. మొనను నాలుకతో సరిచేసే అలవాటుంటే మానుకోండి, కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటివి ఉంటాయి.

ప్రశ్న: 1/72 సైజు మెత్తటి ప్లాస్టిక్ సైనికులకు రంగు వేస్తే ఈటెలు, తుపాకుల దగ్గర పెచ్చులు ఊడిపోతున్నాయి.

ఆ ప్లాస్టిక్ వంగుతుంది, మీ రంగు వంగదు. ముందు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి పాత టూత్‌బ్రష్‌తో కడగండి, అచ్చులోంచి బొమ్మ ఊడిరావడానికి వాడిన జిడ్డు పోతుంది. ఆరాక పలచగా నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ ఒక పూత, దాని మీద రంగు, చివర్లో మళ్లీ ఫెవికాల్ గానీ వార్నిష్ గానీ. అయినా ఈటె మొనలు ఎప్పుడో ఒకసారి ఊడతాయి. బొమ్మను ఈటె పట్టుకుని ఎత్తేవాళ్లను బల్ల దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: అంతా అయ్యాక మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పైపూత) స్ప్రే కొట్టాను. బొమ్మలన్నీ మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. ఏడుపొచ్చింది.

రాదా మరి! గాల్లో తేమ ఎక్కువున్న రోజు కొట్టి ఉంటారు, లేదా డబ్బా సరిగా కదపలేదు, లేదా ఒకేసారి దట్టంగా పోశారు. రంగు పాడవలేదు, పైపూతే గరుకై వెలుగును చెదరగొడుతోంది. బ్రష్‌తో గ్లాసీ వార్నిష్ ఒక పూత వేయండి, చాలాసార్లు ఆ తెలుపు మాయమవుతుంది. మెరుపు నచ్చకపోతే ఆరాక మళ్లీ మ్యాట్ వేసుకోండి, ఈసారి బ్రష్‌తోనే. ఏ స్ప్రే అయినా ముందు ఒక పనికిరాని బొమ్మ మీద కొట్టి చూశాకే సైన్యం జోలికి వెళ్లండి.

ప్రశ్న: నా వాటర్లూ (నెపోలియన్ ఓడిపోయిన 1815 యుద్ధం) బ్రిటిష్ పటాలం ఎరుపు తప్పని, బొత్తాల వరసలు తప్పని ఒక మిత్రుడు అందరి ముందూ అన్నాడు. ఎంతవరకు పట్టించుకోవాలి?

ఎరుపు దగ్గర మీ మిత్రుడి మాటలో కొంత నిజం ఉండొచ్చు. మామూలు సిపాయి కోటు మంజిష్ఠ వేరు రంగుతో అద్దినది, ఇటుక రంగుకు దగ్గరగా ఉండేది. అధికారుల కోట్లకు ఖరీదైన రంగు, అవి నిగనిగలాడేవి. అందుకని సిపాయిలకు గోధుమ కలిసిన ఎరుపు, అధికారికి ఒక్కడికే పచ్చి ఎరుపు వేస్తే పటాలం వెంటనే జీవం పోసుకుంటుంది, నేనైతే ఈ ఒక్క మార్పూ తప్పకుండా చేయమంటాను. 95వ రైఫిల్స్ అనే బ్రిటిష్ పటాలం వాళ్లకు మాత్రం ఎరుపు వేయకండి, వాళ్లది ముదురు ఆకుపచ్చ. ఇలాంటి తప్పు గది అవతల నుంచి కూడా కనిపిస్తుంది. బొత్తాలు అలా కనిపించవు. పైగా 1815 జూన్ 17 రాత్రంతా వాన కురిసింది, మర్నాడు యుద్ధం జరిగింది బురదలో. ఫ్రెంచ్ సైనికుల్లో చాలామంది పైన పొడవాటి ఓవర్‌కోటే వేసుకుని ఉన్నారు, కింద ఏ బొత్తాలున్నాయో వాళ్ల సేనాపతికి కూడా కనిపించి ఉండదు. కాళ్ల దగ్గర, కోటు అంచుల మీద మట్టి రంగు డ్రై బ్రష్ చేయండి, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దండి, సగం తప్పులు బురదలో కలిసిపోతాయి.

విలియం సైబోర్న్ అని ఒక బ్రిటిష్ అధికారి ఉండేవాడు. వాటర్లూ యుద్ధరంగానికి చిన్న నమూనా చేయడానికి అక్కడి లా హే సాంత్ అనే పొలం ఇంట్లో నెలల తరబడి మకాం వేసి నేల కొలతలు తీశాడు, యుద్ధంలో ఉన్న అధికారులకు వందల ఉత్తరాలు రాశాడు, పదుల వేల చిట్టి లోహపు బొమ్మలు నిలబెట్టాడు. 1838లో లండన్‌లో ప్రదర్శన. ఇంత చేసినా గొడవ వచ్చింది. బొత్తాల మీద కాదు, ఏ సమయానికి బ్రిటిష్ వాళ్లకు సాయంగా వచ్చిన ప్రష్యన్ (జర్మన్ రాజ్యం) సేన ఎక్కడుంది, ఎంతమంది ఉన్నారు అన్నదాని మీద. పట్టించుకోవాల్సిన తప్పులంటే అలాంటివి.

ప్రశ్న: గుర్రాలన్నీ ఒకే గోధుమ రంగులో బొమ్మల్లాగే ఉన్నాయి.

నాలుగు రకాల గోధుమ రంగులు తీసుకోండి, ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. ఒళ్లు గోధుమ, జూలు, తోక, కాళ్ల కింది భాగం నలుపు అయితే అది బే. జూలు, తోక కూడా ఒంటి రంగులోనో ఇంకా లేతగానో ఉంటే చెస్ట్‌నట్, దానికి నల్ల జూలు వేయకూడదు. తెల్లగా కనిపించే గుర్రాల్లో ఎక్కువ భాగం నిజానికి గ్రే గుర్రాలు, వాటి చర్మం నల్లన. కాబట్టి మూతికి గులాబీ రంగు కాకుండా ముదురు బూడిద రంగు వేయండి. స్కాట్స్ గ్రేస్ అనే బ్రిటిష్ గుర్రపు దళం వేసేటప్పుడు ఈ ఒక్క మూతి రంగుతోనే అది సుద్దబొమ్మలా కాకుండా గుర్రంలా కనిపిస్తుంది. తెలుపును నేరుగా వేయకండి, లేత బూడిద నుంచి మొదలుపెట్టి పైకి రండి.

ప్రశ్న: కొత్తగా రంగులు వేసిన దళమే ప్రతిసారీ ముందు పారిపోతోంది. ఇది శాపమా?

ఈ హాబీలో అందరికీ తెలిసిన శాపమే ఇది, కొత్త పటాలం మొదటి ఆటలో నిలబడదని. మీ రూల్స్‌లో దళం ధైర్యాన్ని పరీక్షించడానికి రెండు పాచికలు వేసి 10 గానీ ఆపైన గానీ పడితే దళం పారిపోతుందని రాశారు. రెండు పాచికలకు 36 రకాల ఫలితాలు, వాటిలో 10, 11, 12 పడేవి ఆరు. అంటే ఆరింట ఒకసారి. తక్కువే అనిపిస్తుంది. కానీ ఒక ఆటలో ఆ దళం మూడుసార్లు పరీక్షకు వస్తే కనీసం ఒకసారి బెదిరే అవకాశం 216లో 91, అంటే 42 శాతం! ఇక్కడే అసలు సంగతి, మీరు కొత్త దళాన్ని అందరికీ చూపించాలని తెచ్చి ముందు వరసలో పెడతారు, ఎదుటివాడి ఫిరంగులన్నీ దాని మీదే తిరుగుతాయి, పరీక్షలన్నీ దానికే వస్తాయి. పాత, రంగు వెలిసిన దళాన్ని వెనక దాస్తారు కాబట్టి దానికి ధైర్యవంతమని పేరు. కొత్తదాన్ని రెండో వరసలో, సేనానికి దగ్గరగా పెట్టి చూడండి.

ప్రశ్న: బొమ్మ అంత పెద్దగా ఉంటే మస్కెట్ (పాతకాలపు పొడవాటి తుపాకీ) గుండు జానెడు దూరమే వెళ్తుందా? నవ్వొస్తుంది.

నవ్వండి, కానీ లెక్క చూడండి. నున్నటి గొట్టం మస్కెట్‌తో గురి దక్కేది సుమారు 100 మీటర్ల లోపే. 28 మిల్లీమీటర్ల బొమ్మ దాదాపు 1/60 సైజు. అదే సైజులో నేలను కూడా లెక్కేస్తే 100 మీటర్లు బల్ల మీద 1.67 మీటర్లవుతాయి, ఆరడుగుల బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క గుండు దూరం. యుద్ధమే జరగదు. అందుకే నేలకు వేరే స్కేలు పెడతారు, ఒక మిల్లీమీటరుకు ఒక మీటరు అనుకుందాం. అప్పుడు గుండు 10 సెంటీమీటర్లు వెళ్తుంది. 600 మంది బెటాలియన్ రెండు వరసల్లో నిలబడితే, మనిషికి అర మీటరు కంటే కాస్త ఎక్కువ చొప్పున, 165 మీటర్లు, అంటే బల్ల మీద పదహారున్నర సెంటీమీటర్లు. 2 సెంటీమీటర్ల బేస్‌లు ఎనిమిది పక్కపక్కన, రెండు వరసలు, మొత్తం 16 బొమ్మలు. ఒక్కో బొమ్మ 37 మందికి పైగా సైనికులకు గుర్తన్నమాట. ఈ లెక్కలో మీ సిపాయి ఎత్తు 28 మీటర్లవుతుంది, దానికి మాత్రం కళ్లు మూసుకోవాలి. మరీ ఇబ్బందిగా ఉంటే 6 మిల్లీమీటర్ల బొమ్మలకు మారండి, అక్కడ పటాలం పటాలంలా, ఊరు ఊరులా కనిపిస్తాయి, రంగుల పనీ సగానికి సగం తగ్గుతుంది.

ప్రశ్న: ఈ వయసులో బొమ్మలాటేంటి అని ఇంట్లో దెప్పుతున్నారు.

1824లో ప్రష్యన్ అధికారి ఫాన్ రైస్విట్జ్ పటం మీద ఆడే యుద్ధక్రీడ చూపిస్తే, వాళ్ల సైన్యాధిపతుల కార్యాలయం దాన్ని శిక్షణకే తీసుకుంది. హెచ్.జి.వెల్స్ అయితే 1913లో బొమ్మ సైనికుల యుద్ధానికి రూల్స్ పుస్తకమే రాశాడు. ఆయన ఆటలో స్ప్రింగ్ ఫిరంగితో నిజంగానే కొట్టి బొమ్మలను పడగొట్టాలి, మీరు అది మాత్రం చేయకండి, వేసిన రంగంతా పోతుంది. ఈ రెండు పేర్లు చెప్పినా దెప్పడం ఆపుతారని హామీ ఇవ్వలేను. చేతికి ఒక బ్రష్ ఇచ్చి గుర్రాలు వేయమనండి.

ప్రశ్న: ఆడటానికి ఎవరూ లేరు. ఒంటరిగా ఆడితే నన్ను నేనే గెలిపించుకుంటున్నాను.

ఎత్తు వేసేదీ మీరే, దానికి విరుగుడు వేసేదీ మీరే కాబట్టి అలా అవుతుంది. వంతులవారీగా ఆడటం మానేసి, ఒక్కో దళానికి ఒక్కో పేకముక్క కేటాయించి, కలిపి, ఏ ముక్క వస్తే ఆ దళాన్ని కదపండి. మీ గుర్రపు దళం వంతు ఎప్పుడొస్తుందో మీకే తెలియకపోతే పథకాలన్నీ తారుమారవుతాయి, నిజం సేనానుల పరిస్థితీ అదే. శత్రువుకు ఆటకు ముందే మూడు ఎత్తుగడలు కాగితం మీద రాయండి: ఎడమ వైపు చుట్టుముట్టడం, మధ్యలో నెట్టుకురావడం, కొండ మీద కదలకుండా కూర్చోవడం. ఏది అమలవుతుందో పాచికతో తేల్చండి, కానీ మీ సైన్యాన్ని బల్ల మీద సర్దేశాకే వేయండి, ముందే వేస్తే మళ్లీ మోసమే. మొదటి రెండు మూడు ఆటలకు శత్రువును ఏ వంతెననో, ఊరినో కాపలా కాసే వైపు ఉంచండి, కాపలా కాసేవాడు తీసుకోవాల్సిన నిర్ణయాలు తక్కువ కాబట్టి పాచికే అతణ్ని నడిపించేయగలదు.