ఇటలీలో రోమ్, ఫ్లోరెన్స్ అయ్యాక బొలోన్యాలో ఆగుతాం. ఇంకొక్క చర్చికే టైముంటే ఏది చూడాలి?

రావెన్నాలోని సాన్ వితాలె. మీరు బొలోన్యాలో ఆగుతామన్నారు కాబట్టి ఇంకా సులువు. అక్కణ్ణుంచి రైల్లో గంట పైన పడుతుంది, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. బొలోన్యాలో చదువుకునేటప్పుడు ఇంటి నుంచి ఎవరొచ్చినా నేను తీసుకెళ్ళింది అక్కడికే.

బయట ఏమీ ఉండదు. ఎనిమిది పలకల ఇటుక కట్టడం, అంతే. మా నాన్న "గోడౌన్‌లా ఉందేమిట్రా" అన్నారు. లోపల బలిపీఠం వైపు తిరిగాక మాత్రం ఆయన్ని బయటికి లాక్కురావడం నా వల్ల కాలేదు.

ఆ గోడలూ కప్పూ అంతా మొజాయిక్. చిన్న చిన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మలవి. బంగారు రంగు ముక్కలు బంగారు రేకును గాజు పొరల మధ్య పెట్టి చేసినవి. నున్నగా, చదునుగా పరచలేదు. అందుకే మీరు ఒక అడుగు పక్కకు వేస్తే మెరుపు కూడా జరుగుతుంది. ఫోటోలో ఇది రాదు. ఒకేచోట నిలబడకుండా అటూ ఇటూ తిరుగుతూ చూడండి.

ఎడమ గోడ మీద తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్, ఎదురుగా కుడి గోడ మీద రాణి థియోడోరా, ఇద్దరూ పరివారంతో ఉంటారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ రావెన్నాలో అడుగు పెట్టినవాళ్ళు కారు. కట్టడం మొదలైనప్పుడు ఊరు గోత్‌లనే జర్మానిక్ జాతి చేతుల్లో ఉంది. 540లో జస్టీనియన్ సైన్యం గెలుచుకుంది, 547లో బిషప్ మాక్సిమియన్ చర్చిని ప్రతిష్ఠించాడు. కొత్త ఏలిక ఎవరో జనానికి తెలియాలిగా! ఆ గుంపులో తల మీద పేరు రాయించుకున్నది మాత్రం చక్రవర్తి కాదు, పక్కనున్న మాక్సిమియనే. మన ఊరి ఫ్లెక్సీలో పెద్ద నాయకుడి పక్కన నిలబడే లోకల్ లీడర్ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. థియోడోరా అంగీ అంచు కూడా వదలొద్దు, బాలయేసుకు కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానులు అక్కడ చిన్నగా ఉంటారు.

వాళ్ళిద్దరి మధ్య, వెనక అర్ధగోళంలా ఉన్న కప్పులో నీలి గోళం మీద కూర్చున్న క్రీస్తుకు గడ్డం ఉండదు, కుర్రవాడు.

పైన డోమ్‌ను బోలు మట్టి గొట్టాలను ఒకదాంట్లో ఒకటి దూర్చి కట్టారు. బరువు తగ్గించడానికి ఆ తెలివి. దాని లోపలి రంగుల బొమ్మలు 18వ శతాబ్దంలో వేసినవి. నాకైతే అస్సలు నప్పలేదు, అక్కడ మెడ నొప్పి పెట్టుకోకండి.

అదే ఆవరణలో ఐదో శతాబ్దపు రోమన్ రాణి గల్లా ప్లాసిడియా పేరున్న సమాధి మందిరం ఉంది, ఇంకా పాతది. చాలా చిన్నది, లోపల కొన్ని నిమిషాలే ఉండనిస్తారు. టికెట్ తీసుకునేటప్పుడే దానికీ టైమ్ స్లాట్ పెట్టుకోండి. ఎండలోంచి నేరుగా దూరితే మొదట ఏమీ కనబడదు, కిటికీలకు గాజు బదులు పలచటి రాతి పలకలున్నాయి. అందుకే సాన్ వితాలె ముందు, అది తర్వాత.