సోంపు కింద ఇరవై రూపాయలు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మొన్న జగదాంబ దగ్గర భోంచేశాక బిల్లు ప్లేటులో సోంపు కింద ఇరవై రూపాయల నోటు టిప్పుగా పెట్టావు. సర్వర్ నవ్వుతూ తీసుకున్నాడు. ఇక్కడ అది చాలు. వచ్చే వారం నువ్వూ అమ్మాయీ సింగపూర్ మీదుగా డాలస్ వెళ్తున్నారు, వచ్చేటప్పుడు నాలుగు రోజులు టోక్యోలో ఆగుతారు. అందుకే ఈ ఉత్తరం. ఇరవై ఆరేళ్లు ఓడల్లో వంటవాడిగా చేశాను, రేవు రేవునా దిగి తిన్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా.

ఏ ఊరెళ్లినా ముందు ఒక్కటి కనుక్కో. వడ్డించే మనిషికి జీతం ఇచ్చేది యజమానా, తినేవాళ్లా?

అమెరికాలో చాలాచోట్ల తినేవాళ్లే. టిప్పులొచ్చే పనివాళ్లకి టెక్సస్‌లో యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుంది. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులన్నీ కలిపినా 7.25 డాలర్లు రాకపోతే తగ్గింది యజమాని పూడ్చాలని చట్టం ఉంది గానీ, వాళ్ల ఇల్లు గడిచేది మాత్రం మనం పెట్టేదానితోనే.

నాకిది తెలియక మొదటిసారి హ్యూస్టన్‌లో దిగినప్పుడు తప్పు చేశాను. నలుగురం వెళ్లి గంటన్నర కూర్చున్నాం. వడ్డించినావిడకి మా అమ్మ వయసుంటుంది. గ్లాసులో నీళ్లు సగానికి దిగకుండా పోస్తూనే ఉంది. మాలో ఒకడు గొడ్డుమాంసం తినడంటే వంటగదిలోకి వెళ్లి ఒక్కో కూర గురించీ అడిగొచ్చింది. మేం బిల్లు సెంట్లతో సహా లెక్కపెట్టి, పైన ఒక డాలరు పెట్టి లేచాం. ఆవిడ ఆ డాలరు వైపు చూసి, "నేనేమైనా లోటు చేశానా?" అని మెల్లగా అడిగింది. మాకు అర్థం కాలేదు. ఓడెక్కాక సరంగు, అంటే మా ఓడ పనివాళ్ల పెద్ద, చెప్పాడు. తెల్లారకముందే లంగరెత్తేశాం, వెనక్కి వెళ్లి ఇచ్చే వీల్లేకపోయింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నువ్వు ఎవరి చేతా అలా అడిగించుకోకూడదు.

కాబట్టి లెక్క నేర్చుకో. తిన్నది 42 డాలర్లు అనుకో. డాలస్‌లో పన్ను 8.25 శాతం, అంటే 3.47. మొత్తం 45.47. టిప్పు వేసేది తిన్నదాని మీద, పన్ను మీద కాదు. 42లో పదో వంతు 4.20, దానికి రెట్టింపు 8.40. ఇరవై శాతం అయిపోయింది. కార్డు తీసుకెళ్లి గీకి రెండు కాగితాలు తెస్తారు. టిప్ అన్న గీత మీద 8.40, టోటల్ అన్న గీత మీద 53.87 నువ్వే రాసి సంతకం పెట్టాలి. రెండో కాగితం నీది. ఏ గీతా ఖాళీగా వదలకు. వడ్డన అంతంతమాత్రంగా ఉన్నా 15 శాతానికి తగ్గకు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోకు. మారిస్తే చెయ్యి ముందుకు రాదు.

ఎక్కువమంది కలిసి వెళ్తే టిప్పునే గ్రాట్యుటీ అని బిల్లులో వేసేస్తారు, చూసుకో. కౌంటర్లో కాఫీ కొంటే స్క్రీను నీవైపు తిప్పి టిప్పు 18, 20, 25 శాతం అని చూపిస్తారు. చేత్తో పట్టుకుపోయే కాఫీకి వద్దని నొక్కినా తప్పులేదు, టెన్షన్ పడకు. హోటల్ గదిలో మాత్రం రోజుకి మూడు నాలుగు డాలర్లు, పక్కన థాంక్యూ అని చీటీ రాసి పెట్టండి. ఆఖరి రోజు ఒకేసారి ఇద్దామనుకోవద్దు, ఇవాళ పక్క సర్దినావిడ రేపు రాకపోవచ్చు.

సింగపూర్‌లో ఈ గొడవ లేదు. పెద్ద రెస్టారెంట్లయితే పది శాతం సర్వీస్ ఛార్జి బిల్లులోనే ఉంటుంది. చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో తింటే ఏమీ ఇవ్వక్కర్లేదు గానీ, తిన్న ట్రే మీరే తీసుకెళ్లి దాని చోట పెట్టాలి.

జపాన్‌కి వచ్చేసరికి అంతా తిరగబడుతుంది. కోబేలో ఒక నూడుల్స్ కొట్లో తిని, రుచి నచ్చి, బల్ల మీద ఐదు వందల యెన్‌ల బిళ్ల వదిలేసి బయటికొచ్చాను. వాన పడుతోంది. సందు మలుపు తిరిగానో లేదో వెనక పరుగు చప్పుడు. కొట్టు కుర్రాడు, గొడుగు కూడా లేదు. ఆ బిళ్లని రెండు చేతుల్లో పెట్టి, వంగి, నాకందించాడు. నేను మర్చిపోయాననుకున్నాడు! నీకే అని సైగ చేస్తే ఇంకా కంగారుపడ్డాడు. శ్రద్ధగా చెయ్యడం అక్కడ పనిలోనే భాగం, దానికి పైన డబ్బిస్తే వాళ్లకి ఇబ్బంది. బిల్లు డబ్బులు కూడా చేతికివ్వకు, కౌంటర్ మీద చిన్న ట్రే ఉంటుంది, అందులో పెట్టు. లేచేటప్పుడు "గొచిసోసమ దెష్‌తా" అను. మంచి భోజనం పెట్టారని కృతజ్ఞత చెప్పడమన్నమాట. వంట చేసినవాడిగా చెబుతున్నా, ఆ మాట వినబడితే లోపల పొయ్యి దగ్గరున్నవాడికి కడుపు నిండుతుంది.

టోక్యోలో మీరు దిగేది పెద్ద హోటల్ కాదు, ఇంటివాళ్లే నడుపుకునే చిన్న బస అని అమ్మాయి చెప్పింది. వాళ్లకి డబ్బు బదులు మన ఊరి తీపి ఏదైనా ఇస్తే సంతోషిస్తారు. మాడుగుల హల్వా రెండు పెట్టెలు శనివారం తెప్పిస్తున్నాను. సూట్‌కేసులో చోటు ఉంచండి.

మీ మావయ్య