బాండికూట్ అనే ఇంగ్లిష్ మాట నిజంగా మన పందికొక్కేనా, లేక వాట్సాప్ ముచ్చటా?

నిజమే. ‘ఇది మన మాటే’ అని తిరిగేవి చాలావరకు గాలి కబుర్లే గానీ, ఇది మాత్రం గట్టిది. ఇంగ్లిష్‌లోకి వెళ్లిన భారతీయ మాటల మీద 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో దాన్ని కూర్చిన యూల్, బర్నెల్ కూడా దీన్ని తెలుగు పందికొక్కుకే ముడిపెట్టారు.

అయితే వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన సరిపోదు. ముందు పక్క భాషల్లో ఆ జంతువును ఏమంటారో చూడాలి. తమిళంలో పెరుచ్చాళి, కన్నడంలో హెగ్గణ, హిందీలోనూ మన పాతబస్తీ దక్కనీలోనూ ఘూస్. (హిందీలో ఘూస్ అంటే లంచం కూడా. ‘పందికొక్కుల్లా మేస్తున్నారు’ అని మనం తిట్టేదీ ఆ బాపతు వాళ్లనే!) వీటిలో ఏదీ బాండికూట్ దరిదాపుల్లోకి రాదు. పంది, కొక్కు రెండూ అతికేది తెలుగులోనే. కొక్కంటే పెద్ద ఎలుక. బెదిరిస్తే పందిలా గుర్రుమంటుంది. ఇంగ్లిష్ మాంగూస్ మన ముంగిసే అనే వాదనకు ఇదే పరీక్ష పెడితే అది వీగిపోతుంది. మరాఠీలో ముంగూస్, కన్నడంలో ముంగుసి ఉన్నాయి మరి. నిఘంటువులు మాంగూస్‌ను మరాఠీ ఖాతాలోనే వేస్తాయి.

ఇక ‘ప’ ఎందుకు ‘బ’ అయిందంటారా? నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ఇంగ్లిష్‌వాళ్ల యాసలో ‘పెన్’ అనండి, తర్వాత మామూలుగా ‘పంది’ అనండి. మొదటిదానికి చేతికి గాలి కొడుతుంది, రెండోదానికి దాదాపు ఉండదు. గాలి లేని ‘ప’ వాళ్ల చెవికి ‘బ’లా వినిపిస్తుంది. చివరి ‘క్కు’ అరిగి మాట కూట్‌గా తేలింది. కూట్ అనే నీటిపక్షికీ దీనికీ చుట్టరికం లేదు.

అసలు తికమక ఆస్ట్రేలియాతో. అక్కడి ఓ జంతువు చూడ్డానికి ఇలాగే ఉందని దానికీ ఇదే పేరు తగిలించారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. పైగా ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, మట్టి తవ్వినా లోపల పడకుండా. అందుకే ఆస్ట్రేలియా జంతువుల గురించి తెలుగులో రాసేటప్పుడు పందికొక్కు అనకండి, బాండికూట్ అనే ఉంచండి. 1996లో వచ్చిన వీడియోగేమ్‌లోని క్రాష్ బాండికూట్ కూడా ఆ సంచి రకమే, మన నాలాల్లో తిరిగేది కాదు.